మూడో వార్డు పైకప్పు మీద బొమ్మ

మూడో వార్డు, సిస్టర్ల గది
జూన్ 6

ఒరేయ్ చిన్నోడా,

బాగున్నావా? మరదలికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను చెప్పిన వ్యాయామం చేస్తోందా, నీ జోకులు వింటూ కూర్చుంటోందా?

ఫోన్ చేద్దామనుకున్నా. ఫోన్లో అయితే నువ్వు నవ్వించి చంపుతావు, అడగాల్సింది మర్చిపోయి పెట్టేస్తాను. అందుకే ఎప్పట్లాగే ఉత్తరం.

మా ఎముకల వార్డు సంగతి నీకు తెలుసుగా. ఇరవై రెండు మంచాలు. తుంటి విరిగినవాళ్ళూ, తొడ విరిగినవాళ్ళూ కాలికి బరువులు కట్టించుకుని నెలల తరబడి వెల్లకిలా పడుంటారు. టీవీ ఒక్కటే, తలుపు పక్కన, పలకంత. మొదటి మూడు మంచాలవాళ్ళు మెడ తిప్పి చూసి మిగతావాళ్ళకి కథ చెప్తుంటారు. మొన్న పదో మంచం లారీ డ్రైవరు నన్ను పిలిచి, "సిస్టరమ్మా, మూడో మంచం ఆయన హీరోయిన్ చచ్చిపోయిందంటాడు, రెండో మంచం ఆయన మూర్ఛే అంటాడు. మీరు చూసి ఒక మాట చెప్పండి, మాకు నిద్ర పట్టట్లేదు" అన్నాడు.

స్టాఫంతా తలా కొంత వేసుకుని పెద్ద టీవీ కొందామనుకున్నాం. కొత్తది మావల్ల కాదు. ఆన్‌లైన్‌లో వేలంపాట పెడతారటగా, అందులో మా ఫిజియో అమ్మాయి మూడు చూసింది. ప్రింట్లు తీసి జత చేశా. "మా తమ్ముడు ముప్పై ఏళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాడు, వాడు ఊ అంటేనే పాట పాడదాం" అని అందరి ముందూ చెప్పేశా. చూసి రాయి.

అక్క


కొట్టు నుంచి
జూన్ 13

అక్కా,

నమస్కారాలు. మీ మరదలు వ్యాయామం చేస్తోంది. నేను లెక్కపెడుతున్నాను. అలా ఇద్దరం కష్టపడుతున్నాం.

ప్రింట్లు చూశాను. మొదటిది, అరవై అయిదు అంగుళాలది. తెర మీద ఏం బొమ్మ పెట్టి ఫోటో తీశాడో చూశావా? రాత్రి ఆకాశం, నక్షత్రాలు. తెరలో నల్లగీత ఉన్నవాడు నల్లబొమ్మే పెడతాడు. తెల్లటి బొమ్మ పెట్టి ఫోటో తియ్యమని రాయండి. జవాబు రాదు.

రెండోదాంట్లో నాలుగు మూలల్లో మూడే ఉన్నాయి. నాలుగో మూల దగ్గర ఎవరిదో భుజం అడ్డం వచ్చింది. పగులు అక్కడే. ఆ భుజం కూడా ఆయనదే అయ్యుంటుంది, పాపం.

మూడోది "ఒకే ఒక్కసారి వాడాం" అన్నాడు. పక్కనే రిమోట్ పెట్టాడు. దాని మీద సౌండు బటన్ అరిగి నున్నగా అయిపోయింది. ఆ ఒక్కసారీ ఎంత పెద్ద సినిమా చూశారో.

కాబట్టి మూడూ వద్దు. మనిషి మాట కాదక్కా, ఫోటోలో మనిషి ఏది దాచాడో చూడాలి. పైగా మీవాళ్ళు వెల్లకిలా ఉంటారంటున్నావు. ఎంత పెద్ద టీవీ గోడకి తగిలించినా వాళ్ళకి కనపడేది టీవీ గడ్డమే.

కొట్టు బాగానే నడుస్తోంది. ఈగలు టైముకి వస్తున్నాయి, టైముకి పోతున్నాయి. జనం మాత్రం ఫోన్లో ఫోటోలు చూపించి "ఇది కొనొచ్చా అన్నా" అని అడిగి, టీ తాగించి పోతున్నారు. రోజుకి ఆరు టీలు. ఇన్కం ట్యాక్సువాళ్ళు టీలో వాటా అడిగితే ఇస్తాను.

బావగారిని అడిగానని చెప్పు.

చిన్నోడు


మూడో వార్డు
జులై 2

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం వార్డులో పైకి చదివాను. రిమోట్ సంగతికి పదహారో మంచం టైలరమ్మ నవ్వి నవ్వి, కట్టిన బరువు ఊగిపోయింది, డాక్టరుగారు కేకలేశారు. తెల్లబొమ్మ పెట్టమని రాశాం. నువ్వన్నట్టే జవాబు లేదు. ఇక్కడ నీకు మంచి పేరొచ్చిందిరా.

ఇప్పుడు అసలు సంగతి. టీవీ గడ్డం అన్నావే, ఆ మాట పట్టుకుని ఫిజియో అమ్మాయి ప్రొజెక్టర్లు వెతికింది. పెట్టె నేల మీద పెట్టి పైకి తిప్పితే బొమ్మ పైకప్పు మీదే పడుతుంది కదా! ఎవరూ మెడ తిప్పక్కర్లేదు. కంపెనీవి మనకి అందవు. కానీ ఒకాయన ఇంట్లో సొంతంగా తయారుచేసింది వేలానికి పెట్టాడు. అక్కడ ఆయన పేరు "గోడబొమ్మ". చెక్కపెట్టె, ముందు పెద్ద అద్దం. పదడుగుల బొమ్మ వస్తుందట.

నువ్వు నేర్పినవన్నీ చూశాను. తెల్లటి బొమ్మే పెట్టాడు. నాలుగు మూలలూ కనపడుతున్నాయి. అడ్డంగా భుజాలేం లేవు. బొమ్మ వెలుగు ఎంతుందంటే పక్కన గోడ గడియారం కూడా స్పష్టంగా కనపడుతోంది. నీ దగ్గర చదువుకున్నవాడిలా ఉన్నాడు, అన్నిట్లో పాసయ్యాడు. ప్రింటు జత చేశా. పాట పదకొండో తారీకుతో ఆఖరు. త్వరగా రాయి.

లారీ డ్రైవరు అప్పుడే అడుగుతున్నాడు, పైకప్పు మీద మొదట ఏ సినిమా అని.

అక్క


కొట్టు నుంచి
జులై 8

అక్కా,

ఆ పెట్టె వద్దు. ఇంట్లో చేసిన వస్తువులకి గ్యారంటీ ఉండదు. ఇంకేదైనా చూద్దాం.

ఇక్కడ వానలు. ఉంటాను.

చిన్నోడు


మూడో వార్డు
ఆగస్టు 3

చిన్నోడా,

నీకెలా చెప్పాలో తెలియక మూడు వారాలు రాయలేదు. నీ మాట వినలేదురా.

ఎప్పుడూ వద్దంటే నాలుగు కారణాలు రాసి, అయిదోది నవ్వడానికి రాస్తావు. ఈసారి గ్యారంటీ అన్నదొక్కటే. కొట్లో పని ఎక్కువై చూడకుండా రాసేశాడేమో అనుకున్నా. వార్డంతా ఆశగా ఉంది. ఇంకెవరో మాతో పోటీగా పాట పెంచుతున్నారు. ఫిజియో అమ్మాయి "ఏమంటారు మేడమ్" అని నా మొహంలోకి చూసింది. మా తమ్ముడు ఊ అన్నాడని చెప్పాను. అలా అబద్ధం ఆడేశాను. పెట్టె మాకే వచ్చింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కిటికీలకి దుప్పట్లు కట్టి, పెట్టె మధ్యలో పెట్టి వేశాం. ఫ్యాను మోత చూస్తే పిండిమరలో ఉన్నట్టుంది. అందరూ పైకే చూస్తున్నారు. అక్కడ ఏదో కదులుతోంది. తడిగుడ్డతో తుడిచిన మరకలా ఉందిరా. మనిషో కుర్చీయో తెలియదు. నేను పెట్టె అటూ ఇటూ జరిపాను, అద్దం తుడిచాను. చివరికి లారీ డ్రైవరు, "బానే ఉందమ్మా, కనపడుతోంది" అన్నాడు. అది వినగానే ఒకరి తర్వాత ఒకరు బాగుంది బాగుంది అన్నారు. టైలరమ్మ హీరోయిన్ చీర బాగుందంది. అది యుద్ధం సినిమారా.

నేను స్టోర్ రూములోకి పోయి దూది కట్టలు లెక్కపెడుతూ నించున్నాను.

ఆ గోడబొమ్మకి మూడుసార్లు రాశాం, వెనక్కి తీసుకోమని. ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు వేలం నడిపేవాళ్ళకి ఫిర్యాదు పంపాలి. ఇందులో మోసం ఎక్కడుందో వస్తువు తెలిసినవాడే రాయగలడు. నువ్వు రాసిపెట్టు. ఆ మనిషి చదివితే సిగ్గుతో తల ఎత్తుకోకూడదు. అలా రాయి.

నీ మాట విననందుకు ఏమీ అనుకోకు.

అక్క


కొట్టు నుంచి
ఆగస్టు 19

అక్కా,

నువ్వు ఏమీ అనుకోకు అని రాయకు.

ఫిర్యాదు రాశాను. నాలుగు కాగితాలు చింపాక ఇది వచ్చింది. ఇలాగే పంపించండి.

"అయ్యా, 'గోడబొమ్మ' అనే పేరుతో మీ వేలంలో ప్రొజెక్టరు అమ్మిన వ్యక్తి మీద ఫిర్యాదు. ఈ పెట్టెలో ఉన్నది పాత ట్యాబ్లెట్ తెర. దాని వెనక రేకు ఊడదీసి, వెనక ఒక దీపం, ముందు ఒక భూతద్దం పెట్టారు. ఆ దీపం గుమ్మం ముందు వేసుకునే రకం. దాని వెలుగు నాలుగడుగుల బొమ్మకే చాలదు, ఇతను పదడుగులని రాశాడు. దీపం చుట్టూ వంటింట్లో వాడే వెండికాగితం అంటించారు. ఫ్యాను పాత కంప్యూటర్‌లోది, ఒక రెక్క విరిగింది, మోత అందుకే. భూతద్దం ఎడమవైపు కింది అంచులో పగులు ఉంది, చెక్క చట్రంతో అది కప్పేశారు. అమ్మినవాడికి ఇవన్నీ తెలుసు. తెలియక చేసినవాడు కాదు. కొన్నవాళ్ళు మంచం దిగలేని మనుషులు. ఇతన్ని మీ వేలంలోంచి తీసెయ్యండి, డబ్బు వెనక్కి ఇప్పించండి."

ఇంతే అక్కా. జోకులేం తోచడం లేదు.

చిన్నోడు


మూడో వార్డు
ఆగస్టు 27

చిన్నోడా,

ఫిర్యాదు అందింది. వార్డులో చదివి వినిపించాను. లారీ డ్రైవరు, "సిస్టరమ్మా, మీ తమ్ముడు ప్లీడరు కావాల్సినవాడు" అన్నాడు.

తర్వాత ఆసుపత్రి కరెంటు మేస్త్రీని పిలిచి పెట్టె విప్పించాను. వెండికాగితం ఉంది. ఫ్యానుకి ఒక రెక్క లేదు. చట్రం ఊడదీస్తే ఎడమవైపు కింది అంచులో పగులు ఉంది. మేస్త్రీ నీ కాగితం చేత్తో పట్టుకుని ఒక్కొక్కటే సరిచూసుకుని, "ఎక్కడో కూర్చుని లోపలిది చెప్పాడే, ఇతను మనిషా స్కానింగ్ మిషనా" అన్నాడు. అందరూ నిన్ను మెచ్చుకున్నారు.

ఫిర్యాదు ఇంకా పంపలేదు. నా సొరుగులో ఉంది.

నీకెలా తెలిసిందిరా?

అక్క


ఇంటి నుంచి
సెప్టెంబర్ 5

అక్కా,

ఆ గోడబొమ్మని నేనే.

ఈ మాట రాయడానికి వారం పట్టింది. రాశాక చూస్తే మూడే మాటలున్నాయి.

కొట్టు నడవడం లేదు. ఈగల జోకు నిజం. టీవీ పాడైతే ఇప్పుడు ఎవరూ బాగుచేయించరు, కొత్తది తెచ్చుకుంటారు. సలహాకి టీ ఇస్తారు. ఖాళీగా కూర్చోలేక పాత సామాన్లతో ఆ పెట్టె చేశాను. బొమ్మ మసగ్గా వచ్చింది. పారేద్దామనుకున్నా. ఫోటో తీసి చూద్దామనిపించింది. ఫోన్ కెమెరా కన్ను ఇరవై సెకన్లు మూయకుండా తెరిచి ఉంచితే ఎంత మసక బొమ్మైనా పట్టపగల్లా పడుతుంది. తెల్లబొమ్మ పెట్టాను, నాలుగు మూలలూ చూపించాను. కొనేవాళ్ళు ఏమేం చూడాలో ఇన్నేళ్ళు నేనే చెప్పాను కదా, వాళ్ళు చూడనిది ఏదో నాకే తెలుసు. ఆ ప్రింటు నీ దగ్గరుంటే గడియారం చూడు. సెకన్ల ముల్లు లేదు. ఆ ఇరవై సెకన్లూ తిరుగుతూ ఉంది కాబట్టి ఫోటోలో పడలేదు. ఇంకెవరిదైనా అయ్యుంటే మొదటి చూపులోనే నీకు అది చెప్పేవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఆ ప్రింటు చూసి, నా కొట్టు గోడ నాకే పోస్టులో వచ్చినట్టు కూర్చుండిపోయాను. ఆ రోజే వేలంలోంచి తీసెయ్యొచ్చు. అక్కా, ఇది నాది, కొనకు అని ఒక్క ముక్క రాయొచ్చు. వద్దని మాత్రం రాశాను. వింటావనుకున్నా. తీసెయ్యకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది చెప్పడం మరీ సిగ్గు. ఇద్దరు పోటీపడి పాట పెంచుతున్నారు. నా చేత్తో చేసిన వస్తువు కోసం ఇద్దరు కొట్టుకోవడం పదేళ్ళలో చూడలేదు. రోజూ పొద్దున్నే లేచి అదే చూసుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు మీరేమో అన్న అనుమానం రాకపోలేదు. రాగానే ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ణి.

పాట ముగిశాక పంపాల్సిన అడ్రసు వచ్చింది. మూడో వార్డు. అప్పుడైనా ఆగొచ్చు. ఆ డబ్బు కొట్టు అద్దెకని అనుకున్నాను. నా చేతిరాత నువ్వు గుర్తుపడతావని, పక్కన జిరాక్స్ కొట్లో అడ్రసు టైపు చేయించాను. మా పోస్టాఫీసు ముద్ర ఉంటుందని రెండు స్టాపుల అవతలికి పోయి పంపాను. అక్కా, మోసం చేస్తున్నట్టు ఆ బస్సులో కూర్చున్నప్పుడు పూర్తిగా తెలుసు. కండక్టరు "పెట్టెలో ఏంటి" అంటే "టీవీ" అన్నాను. అతనితో జోకు కూడా వేశాను.

మీవాళ్ళ మూడు ఉత్తరాలూ చదివాను. జవాబివ్వలేదు.

ఫిర్యాదు పంపించు.

మీ మరదలికి ఇంకా తెలియదు.

నీ తమ్ముడు


మూడో వార్డు
సెప్టెంబర్ 20

తమ్ముడికి,

పగులు సంగతి చదివిన రోజే తెలిసింది. నువ్వుగా చెప్తావా లేదా అని అడిగాను.

నీ మీద కోపం కంటే నా మీద నాకు ఎక్కువ వచ్చింది. నువ్వు వద్దన్నావు. ఊ అన్నావని చెప్పింది నేను. మనం ఇద్దరం ఒకే కడుపున పుట్టినవాళ్ళమని ఎవరికైనా అనుమానం ఉంటే తీరిపోతుంది.

స్టాఫుకి నా అబద్ధం సంగతి నేను చెప్పేశాను. నీ సంగతి చెప్పలేదు. అది నువ్వే వచ్చి చెప్పాలి. వచ్చే నెల మొదటి ఆదివారం పది గంటలకి రా. డబ్బు తీసుకురా. జోకు వేశావంటే చెయ్యి పట్టుకుని బయట పెడతాను.

మరదలికి చెప్పాకే బయల్దేరు.

అక్క


ఇంటి నుంచి
అక్టోబర్ 9

అక్కా,

ఇల్లు చేరాను. వచ్చేటప్పుడు నీతో ఏమీ మాట్లాడలేకపోయాను, అందుకే ఇది.

వార్డు మధ్యలో నించుని ఒకేసారి గట్టిగా చెప్పేద్దామని, ఏం చెప్పాలో దారంతా వల్లెవేసుకుంటూ వచ్చాను. వచ్చి చూస్తే ఎవరికీ నేను కనపడను. వాళ్ళకి కనపడేది పైకప్పు ఒక్కటే. నువ్వు, "ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్ళి వంగి చెప్పు" అన్నావు. ఇరవై రెండుసార్లు. ఎదుటి మొహం జానెడు దూరంలో ఉంటుంది, వాళ్ళు లేచి పోలేరు, నేను తల తిప్పుకోకూడదు. మొదటి మంచం దగ్గర కొట్టు, అద్దె, పదేళ్ళు అని మొదలుపెట్టాను. అయిదో మంచం వచ్చేసరికి అవన్నీ రాలిపోయాయి. "ఆ పెట్టె చేసింది నేను. పనికిరాదని తెలిసే అమ్మాను. మీకని తెలిసే పంపాను." అంతే మిగిలింది.

ఏడో మంచం పెద్దాయన విన్నాక కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. వెళ్ళాలో ఉండాలో తెలియక కాసేపు అలాగే వంగి ఉన్నాను.

టైలరమ్మ ఒకటే అడిగింది. "మా సిస్టరమ్మకి ముందే తెలుసా?" తెలియదన్నాను. "అయితే సరే, పో" అంది.

లారీ డ్రైవరు దగ్గర జరిగింది నీకు చెప్పలేదు. "ఇంకా వంగు" అన్నాడు. కొడతాడనుకున్నా, వంగాను. చెవిలో చెప్పాడు: "నాకు ఆ రోజు ఏమీ కనపళ్ళేదయ్యా. మీ అక్క మొహం చూసి కనపడుతోందన్నాను. ఆవిడ ఆ అద్దం తుడిచిందే తుడుస్తోంది. ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒకసారి ఘాట్ రోడ్డు మీద బ్రేకులు లేకుండా లారీ దించినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు." ఆ తర్వాత, "మా మీద పడితే పడ్డావు, ఆవిడ్ని అలా నిలబెట్టావు చూడు" అన్నాడు. నేను వంగిన నడుము ఎత్తలేకపోయాను. నడుము నొప్పి అనుకుని ఆయనే, "సిస్టరమ్మా, ఇతన్నీ ఒక మంచం మీద పడుకోబెట్టండి" అని కేకేశాడు. వార్డంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. జీవితంలో ఎవరైనా జోకు వేస్తే నాకు నవ్వు రాకపోవడం అదే మొదలు.

పెట్టె తెచ్చేశాను. విప్పి, ఎక్కడి సామాను అక్కడ పడేశాను. కొట్టు నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాను. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో రాత్రి కాకుండా పగటి డ్యూటీ ఇస్తామన్నారు. మీ మరదలు నాతో మాట్లాడుతోంది, కానీ అన్నం తిన్నావా, తలుపు వెయ్యి, అంతవరకే.

సలహా కోసం వచ్చేవాళ్ళకి ఇప్పుడు చెప్పడం లేదు. ఎందుకని అడుగుతారు. కళ్ళు కనపడటం లేదంటున్నాను.

నీ తమ్ముడు


మూడో వార్డు
నవంబర్ 2

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైంది. లారీ డ్రైవరుకి బరువులు తీసేశారు. చంకకర్రలతో రెండడుగులు వేసి, తలుపు పక్కన ఉన్న ఆ టీవీ మొదటిసారి చూసి, "ఇంత చిన్నదాని కోసమా ఇంత గొడవపడ్డాం" అన్నాడు. ఏడో మంచం పెద్దాయన నీ గురించి ఎవరైనా మాట్లాడితే కళ్ళు మూసుకుంటున్నాడు.

కొత్త ఉద్యోగం ఎలా ఉంది? కళ్ళు కనపడటం లేదని జనంతో చెప్పకు. అడిగితే ఇష్టం లేదని చెప్పు. ఇంకో అబద్ధం ఎందుకు.

నువ్విచ్చిన డబ్బు అలాగే ఉంది. మొన్న గురువారం ఫిజియో అమ్మాయి వేలంలో ఇంకో ప్రొజెక్టరు చూసింది. ఈసారి కంపెనీదే, వాడినది. ప్రింటు తీసి తెచ్చి, అందరూ వింటుండగా, "మేడమ్, మీ తమ్ముడికి పంపుదామా?" అంది. అందరూ పైకే చూస్తున్నారు. టైలరమ్మ మాత్రం, "ఆయన కంటే బాగా ఎవరికి తెలుస్తుంది" అంది. అది ఎత్తిపొడుపో నిజమో ఆవిడ గొంతులో నాకు తెలియలేదు.

నేను ప్రింటు మడిచి యూనిఫాం జేబులో పెట్టుకున్నాను. ఈ ఉత్తరంతో జత చేద్దామని ఇందాక తీశాను, మళ్ళీ పెట్టేసుకున్నాను.

రోజూ సాయంత్రం యూనిఫాం ఉతకడానికి వేసేముందు జేబులోంచి తీస్తున్నాను. పొద్దున్నే ఉతికినదాన్లో మళ్ళీ పెట్టుకుంటున్నాను.

అక్క